హైటెక్ సిటీ దారిలో ఇంజను వేడి

గత వేసవిలో ఒక పాల ఉత్పత్తిదారుల సంఘం లెక్కలు తనిఖీ చేస్తుండగా పశువుల ఋణాల లెడ్జరులో ఒక పద్దు మా దృష్టికి వచ్చింది. రెండు పాడిగేదెల మీద ఋణం తీసుకున్న ఒక సభ్యుడు ఇంకా ఎనిమిది నెలల గడువు వుండగానే ఒక గేదె తాలూకు బాకీ మొత్తం ఒకేసారి చెల్లించివేశాడు. గడువుకు ముందే బాకీ తీర్చే సభ్యుడు తనిఖీకి వెళ్ళేవారికి అరుదుగా కనిపిస్తాడు గనుక సంతోషించాము. కాని పక్కనే వున్న పాల సేకరణ రిజిష్టరు తిరగవేస్తే, అదే నెల నుండి ఆ సభ్యుడు ఉదయం పూట తొమ్మిది లీటర్లు పోసేచోట నాలుగున్నర లీటర్లే పోస్తున్నట్లు తేలింది. కార్యదర్శిని అడిగాము. గేదెను అమ్మివేశాడనీ, బాకీ పోను మిగిలిన సొమ్ముకు కొంత చేబదులు కలిపి హైదరాబాదులో క్యాబు నడుపుతున్న కొడుకుకు పంపాడనీ, ఆ కారు ఇంజను పాడయిందనీ చెప్పారు.

ఆ కుర్రవాడు ఆ రోజు ఊళ్ళోనే వున్నాడు. పిలిపించి మాట్లాడాము. మే నెల, సాయంత్రం ఆరు గంటల వేళ. కొండాపూర్‌లో ఇద్దరు ప్రయాణికులను ఎక్కించుకొని విమానాశ్రయానికి బయలుదేరాడు. సైబర్ టవర్స్ దాటి మైండ్‌స్పేస్ వైపు వచ్చేసరికి బండ్లు కదలడం లేదు. ఏసీ పూర్తిగా పెట్టివున్నది. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది.

“ఇంక రెండు సిగ్నళ్ళే గద సార్, దాటితే గాలి తగుల్తది అనుకున్న. ప్యాసింజర్లకు ఫ్లయిటు టైమయితుంది. ఆపితే రేటింగు పోతది,” అన్నాడు.

రెండు సిగ్నళ్ళు దాటలేదు. ఆవిరి లేచింది. ప్రయాణికులు దిగిపోయారు. భయపడి సీటు పక్కన వున్న చల్లని నీళ్ళ సీసా తీసి ఇంజను మీద గుమ్మరించాడు. సిలిండరు హెడ్డు పగిలింది. మరమ్మత్తు బిల్లు దాదాపు ఒక పాడిగేదె ఖరీదు అయింది. ఇంతకూ అసలు లోపమేమిటంటే రేడియేటరు వెనుక వుండే కరెంటు ఫ్యాను తిరగలేదు. ఫ్యాను కూడా బాగానే వున్నదట. దానికి కరెంటు అందించే రిలే అనే చిన్న డబ్బా కాలిపోయింది. అది కొన్ని వందల రూపాయల వస్తువు.

పాల సంఘాల పత్రికలో కారు రేడియేటరు సంగతి ఎందుకని కొందరు సభ్యులకు అనిపించవచ్చు. ఆ లెడ్జరు, ఆ సేకరణ రిజిష్టరు పక్కపక్కన పెట్టి చూసిన తరువాత మాకు అలా అనిపించలేదు. పాల డబ్బుతో కంతులు కట్టే కార్లు మన సభ్యుల ఇళ్ళలో ఇప్పుడు చాలా వున్నాయి. వాటిలో చాలావరకు ఆ హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతంలోనే రోజుకు పది, పన్నెండు గంటలు తిరుగుతున్నాయి.

ఆ ప్రాంతం సంగతి కొంత చెప్పుకోవాలి. మాదాపూర్ ఒకప్పుడు రాళ్ళ గుట్టల ఊరు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ భవనాన్ని అప్పటి ప్రధానమంత్రి వాజపేయి ప్రారంభించారు. తరువాత పాతికేళ్ళలో ఆ గుట్టల మీద ఆఫీసులు, వాటి చుట్టూ ఇళ్ళు లేచాయి. రోడ్లు విస్తరించారు. బయోడైవర్సిటీ కూడలి పైవంతెన 2019లో, దుర్గం చెరువు మీది తీగల వంతెన 2020లో, శిల్పా లేఅవుట్ పైవంతెన 2022లో, కొత్తగూడ పైవంతెన 2023లో తెరిచారు. మెట్రో రైలు 2019లోనే రాయదుర్గం దాకా వచ్చింది. అయినా ఆఫీసులు వదిలే వేళ ఒక వాన కురిసిందంటే కిలోమీటరు నడవడానికి అరగంట పట్టడం మేము స్వయంగా అనుభవించాము. మన బండి వేడెక్కేది పరుగెత్తేటప్పుడు కాదు. ఇలా నిలబడినప్పుడే.

ఇది చాలామందికి వింతగా తోస్తుంది. “ఊరినుండి నూరు కిలోమీటర్లు ఆపకుండా వచ్చినా ఏమీ కాలేదు, ఇక్కడ నిలబడితే కాగిపోయిందేమి?” అని అడుగుతారు. కారణం సులభమే. ఇంజనులో మండే వాయువుల వేడి రెండువేల డిగ్రీలు దాటుతుంది. సిలిండరు హెడ్డు తయారయ్యే అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. మనం పోసిన ఇంధనంలోని శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే బండిని లాగడానికి పనికివస్తుంది. మరో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలిన వేడిని ఎప్పటికప్పుడు బయటకు తోడిపోయకపోతే లోహం నిలవదు. ఇంజను చుట్టూ కాలువలలో తిరిగే నీరు ఈ వేడిని పట్టుకొని ముందున్న రేడియేటరులోకి తెస్తుంది. అక్కడ సన్నని గొట్టాలు, వాటి మధ్య పలుచని రేకులు వుంటాయి. ఆ రేకుల మధ్య గాలి దూరి వేడిని తీసుకుపోతుంది. పంపు ఆ నీటిని మళ్ళీ ఇంజనుకు తోస్తుంది. మన బల్క్ కూలరు గదిలో కండెన్సరు చూసినవారికి ఈ రేకులు కొత్త కాదు. దాని ముందు గోనెసంచి పడినరోజు పాలు నాలుగు డిగ్రీలకు దిగకపోవడం కూడా చూసేవుంటారు.

బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గాలి తనంతట తానే ఎదురుగా వచ్చి తగులుతుంది. ఫ్యాను తిరగకపోయినా తెలియదు. సిగ్నలు దగ్గర నిలబడితే గాలి తెచ్చేది ఫ్యాను ఒక్కటే. పైగా ఏసీ కండెన్సరు రేడియేటరుకు ముందే బిగించి వుంటుంది గనుక ఏసీ వేడి కూడా దీనిమీదే పడుతుంది. చుట్టూ బస్సుల వేడి, క్రింద తారు వేడి సరేసరి. గేదెకు చెమట గ్రంథులు ఆవుకంటే చాలా తక్కువ గనుక నీడా నీళ్ళూ లేకుండా ఎండలో కట్టేస్తే రొప్పుతుంది, పాలు తగ్గిస్తుంది. ఫ్యాను చెడిన కారు ట్రాఫిక్‌లో నిలబడినా అదే పరిస్థితి.

ఆ కుర్రవాడి బండి ముందే చెప్పింది, అతనికి అర్థం కాలేదు. పదిహేను రోజులుగా సిగ్నలు దగ్గర ఆగితే ఏసీ చల్లగా రావడం లేదు, బండి కదలగానే చల్లగా వస్తున్నది. ప్రయాణికులు సణిగితే ఒక షాపుకు తీసుకుపోయాడు. వాళ్ళు ఏసీలో గ్యాసు నింపి పంపారు. ఆగినప్పుడు మాత్రమే ఏసీ వెచ్చబడుతున్నదంటే మొట్టమొదట అనుమానించవలసినది ఫ్యానునే. ఈ ఒక్క గుర్తు సభ్యులు తమ పిల్లలకు తప్పక చెప్పవలెను. వారానికొకసారి బండి నిలిపి ఇంజను నడుస్తుండగా ఏసీ వేసి ఫ్యాను తిరుగుతున్నదో లేదో చూడాలి. తరువాత ఏసీ ఆపి పది, పదిహేను నిమిషాలు వుంచితే వేడెక్కిన కొద్దిసేపటికి ఫ్యాను తనంతట తానే తిరిగి, మళ్ళీ ఆగాలి. రెండు పరీక్షలూ అవసరమే. ఏసీతో తిరిగి, వేడికి తిరగని ఫ్యాన్లు వుంటాయి. అప్పుడు తప్పు వేడిని కొలిచే సెన్సరుదై వుండవచ్చు. ఇంజను ఆపిన తరువాత కూడా కొన్ని బండ్లలో ఫ్యాను తిరగవచ్చు గనుక చెయ్యి దగ్గర పెట్టకూడదు.

మరొక సంగతి. ఇప్పటి చిన్న కార్లు చాలావాటిలో వేడి చూపే ముల్లు లేదు. చల్లగా వున్నప్పుడు నీలం దీపం, మితిమీరినప్పుడు ఎర్ర దీపం, అంతే. పాత బండ్లలో ముల్లు మెల్లగా ఎక్కడం చూసి జాగ్రత్తపడే వీలుండేది. దీపం వచ్చిందంటే ప్రమాదం అప్పటికే వచ్చినట్లు. ఇది మాకు నచ్చని మార్పు.

నీళ్ళు ఎందుకు చాలవు?

“మనకు మంచు పడదు కదా, కూలెంటు ఎందుకు, బోరు నీళ్ళు చాలవా?” అనే ప్రశ్న మేము వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ వస్తున్నది. చలిదేశాలలో నీరు గడ్డకట్టకుండా వుండటానికి కలిపే ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవమే ఈ కూలెంటులో ప్రధానమైనది గనుక ఆ ప్రశ్న సహజమే. కాని మనకు దాని ఉపయోగం వేరు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున వున్నది. అక్కడ మూత తీసిన గిన్నెలో నీరు 98 డిగ్రీలకే మరుగుతుంది. ఇంజనులో నీరు మామూలుగానే తొంభై డిగ్రీల చుట్టూ వుంటుంది. అంటే మధ్యన మిగిలిన జాగా ఎంతో మీరే చూడండి. సగం నీరు, సగం కూలెంటు కలిపితే మరిగే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. దానితోపాటు లోపల తుప్పు పట్టకుండా కాపాడే మందులు కూడా అందులో వుంటాయి.

మిగిలిన రక్షణ రేడియేటరు మూతలో వున్నది. ఆ మూత ప్రెషరు కుక్కరు మూత వంటిది. లోపలి ఒత్తిడిని గాలి ఒత్తిడికంటే సుమారు ఒక రెట్టు ఎక్కువగా నిలిపితే వట్టి నీరైనా 120 డిగ్రీల దాకా మరగదు. మూత రబ్బరు ఎండి పగిలితే ఈ ఒత్తిడి నిలవదు. నీరు నిండా వున్నా మరిగిపోతుంది. రేడియేటరు, పంపు అన్నీ మార్చి చివరికి మూత మార్చినవారిని చూశాము. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ముద్రించి వుంటుంది. అదే అంకె వున్నది కొనాలి. ఎక్కువ అంకెది పెడితే బలమనుకోవద్దు, గొట్టాలు పగులుతాయి.

బోరు నీటి విషయానికి వస్తే, మన జిల్లాలలో బోరు నీరు ఎక్కువగా కఠిన జలం. గీజరు కాయిలు మీద తెల్లని పెచ్చు కట్టడం, పాలక్యాన్ల అడుగున పాలరాయి పేరుకోవడం మన ఆడవారికి తెలిసినదే. అదే పెచ్చు రేడియేటరు సన్నగొట్టాలలోనూ, ఇంజను కాలువల గోడలమీదా కడుతుంది. అది వేడిని దాటనివ్వదు. బయటకు నీళ్ళు చల్లగా కనిపిస్తూనే లోపల లోహం కాలిపోతుంటుంది. కూలెంటు కొన్నా దానిలో బోరు నీళ్ళు కలిపితే ఫలితం సగమే. ఇన్వర్టరు బ్యాటరీలకు వాడే డిస్టిల్డు వాటరు కలపాలి. లేదా కలిపివున్న కూలెంటే అమ్ముతారు, అది కొని అలాగే పోయాలి. డబ్బా మీద చదవకుండా, కలిపివున్న దానిలో మళ్ళీ నీళ్ళు కలిపేవారున్నారు. నీళ్ళ పాలు పోసిన సభ్యుడికి ఫ్యాట్ యంత్రం చెబుతుంది, ఇక్కడ చెప్పే యంత్రం లేదు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అని రంగులుంటాయి గాని రంగునుబట్టి రకం తెలియదు. బండి పుస్తకంలో వ్రాసిన రకమే పోయాలి, రెండు రకాలు కలపరాదు. ఎన్నాళ్ళకు మార్చాలో కూడా ఆ పుస్తకమే చెబుతుంది. పాత రకాలు రెండేళ్ళకే శక్తి కోల్పోతాయి.

ఇక పసుపు సంగతి. రేడియేటరు కారుతుంటే గుప్పెడు పసుపు వేస్తే ఆగుతుందని లారీలవారి దగ్గర నేర్చుకున్న చిట్కా ఒకటి మన పల్లెల్లో వున్నది. ఆగుతుంది, నిజమే. పసుపు ఉబ్బి చిల్లిలో ఇరుక్కుంటుంది. చిల్లి ఏదో, గొట్టం ఏదో దానికి తెలియదు గనుక మంచి గొట్టాలలో కూడా ఇరుక్కుంటుంది. అర్ధరాత్రి అడవిలో ఇల్లు చేరడానికి వేశారంటే తప్పు పట్టము. మరునాడు రేడియేటరు విప్పి కడిగించకుండా ఆరునెలలు తిప్పితేనే బాధ.

థర్మోస్టాటు వాల్వు పీకివేయడం ఇంకొక అలవాటు. ఇంజను వేడెక్కుతున్నదంటే కొందరు మెకానిక్కులు మొదట చేసే పని ఇదే. ఈ వాల్వు ఇంజను చల్లగా వున్నప్పుడు నీటిని రేడియేటరుకు పోనివ్వక, ఎనభై డిగ్రీలు దాటాక తెరుచుకుంటుంది. మూసుకుపోయి చెడిపోయినదైతే మార్చాలి, తీసివేయకూడదు. తీసివేస్తే ఇంజను త్వరగా వేడెక్కదు. ఆయిలు పలుచబడదు, అరుగుదల పెరుగుతుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని ఇంజనులలో రేడియేటరుకు పోకుండానే తిరిగివచ్చే దారి ఒకటి వుంటుంది. వేడెక్కిన తరువాత ఆ దారిని మూసేది కూడా ఈ వాల్వే. దానిని పీకివేస్తే కొంత నీరు చల్లబడకుండానే తిరిగి ఇంజనులోకి పోయి, ఏ వేడి తగ్గించడానికి పీకారో ఆ వేడి ఇంకా పెరుగుతుంది.

గ్యాసు బండ్లవారు ఒకటి అదనంగా గమనించవలెను. సీఎన్‌జీ సిలిండరు నుండి వచ్చే గ్యాసు ఒత్తిడి తగ్గేచోట విపరీతంగా చల్లబడుతుంది. అక్కడ రిడ్యూసరు బిగుసుకుపోకుండా ఇంజను వేడినీటిని సన్న గొట్టాలతో దాని చుట్టూ తిప్పుతారు. బయట కిట్టు బిగించిన బండ్లలో ఆ గొట్టాల క్లిప్పుల దగ్గర నెమ్ము వుండటం మామూలు. చుక్కచుక్కగా కారి వేడి ఇంజను మీదే ఆరిపోతుంది గనుక నేలమీద తడి కనిపించదు. సీసాలో మట్టం తగ్గుతూ వుంటుంది, అంతే.

అందుకే రోజూ ఉదయం, ఇంజను చల్లగా వున్నప్పుడు, బానెట్టు ఎత్తి ఆ తెల్ల సీసాలో మట్టం రెండు గీతల మధ్య వున్నదో లేదో చూడాలి. నెలకొకసారి పోయవలసి వస్తున్నదంటే ఎక్కడో కారుతున్నట్లే. గొట్టాలు నొక్కి చూస్తే గట్టిపడిందో, ఉబ్బిందో తెలుస్తుంది. రేడియేటరు రేకుల మధ్య దుమ్ము, పురుగులు చేరుతాయి. కోకాపేట, నానక్‌రాంగూడ వైపు కట్టడాల దుమ్ములో తిరిగే బండ్లకూ, గడ్డిమోపుల వెనుక ఊళ్ళలో తిరిగే బండ్లకూ ఇది త్వరగా పడుతుంది. వాటరు సర్వీసులో ఎదురుగా గట్టి ధారతో కొడితే రేకులు వంగి దారి మరీ మూసుకుపోతుంది. మెత్తని ధారతో, వీలైతే లోపలివైపు నుండి బయటకు కడిగించాలి. ఆయిలు పుల్ల తీసి చూసినప్పుడు ఆయిలు నల్లగా కాక మజ్జిగ కలిపినట్లు తెల్లగా వుంటే నీరు ఆయిలులో కలిసినట్లు. ఇక ఆ బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపవద్దు.

వేడెక్కితే ఏమి చేయాలి?

ఎర్ర దీపం వెలగగానే, లేదా ముల్లు ఎక్కడం మొదలుపెట్టగానే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటరు పూర్తిగా పెట్టాలి. మే నెలలో హీటరు వేస్తే ప్రయాణికులు పిచ్చివాడనుకుంటారు. అనుకోనివ్వండి. ఆ హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజను వేడిని కొంత లాగుతుంది. అది ఎడమకు చేరేదాకా ఆదుకోవడానికి మాత్రమే. నాలుగు దీపాలూ వెలిగించి పక్కకు తీసి ఇంజను ఆపివేయాలి. ఆవిరి వస్తుంటే హీటరు సంగతి మరచి వెంటనే ఆపాలి. పైవంతెన మీద వుంటే బండిలోనుండి ఎడమవైపుకు దిగి గోడ పక్కన నిలబడాలి, బండి వెనుక నిలబడరాదు. జాతీయ రహదారి మీదైతే 1033 నంబరుకు ఫోను చేయవచ్చు.

మూత తీయరాదు. అరగంటైనా ఆగాలి, చెయ్యి ఆనించగలిగేటంత చల్లారాలి. ఒత్తిడి తగ్గిన క్షణంలో లోపలి నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లారిన తరువాత కూడా మందపు గుడ్డ వేసి, ముఖం పక్కకు తిప్పి, కొద్దిగా తిప్పి ఆగి, బుస్సుమనడం ఆగాకనే పూర్తిగా తీయాలి. ఇంజను మీద నీళ్ళు గుమ్మరించడం ఎంత ఖరీదయినదో పైన వ్రాశాము. రేటింగు సంగతి ఆ కుర్రవాడే తరువాత అన్నాడు: “ఆ రోజు ఆపితే ఒక ట్రిప్పు పోతుండె సార్. ఆపనందుకు నలభై రోజులు బండే లేదు.”

చివరగా పశువులున్న ప్రతి ఇంటికీ సంబంధించిన విషయం. కూలెంటు విషం. తియ్యగా వుంటుంది, అందువల్ల కుక్కలు, పిల్లులు, లేగదూడలు నాకుతాయి. తాగిన పశువు మొదట తాగుబోతులా తూలుతుంది, తరువాత మూత్రపిండాలు చెడి మరణిస్తుంది. పెద్ద పశువులు కొంత తట్టుకుంటాయి, పాలు తాగే దూడలు తట్టుకోలేవు. తాగిన అనుమానం వున్నప్పుడు తూలడం తగ్గిందని వూరుకోక గంటలలోనే పశువైద్యుని వద్దకు తీసుకుపోవలెను, కూలెంటు తాగిందని స్పష్టంగా చెప్పవలెను. పండుగకు కారు వేసుకొని ఊరికి వచ్చే పిల్లలు పశువుల కొట్టం ముందు, నీళ్ళతొట్టి పక్కన బండి నిలపడం మనకు అలవాటు. కారే బండి అయితే అక్కడ నిలపనివ్వకండి. మార్చిన పాత కూలెంటును వాకిట్లోగాని, కాలువలోగాని పారబోయక మూతవున్న డబ్బాలో పోసి, పిల్లలకు అందకుండా, గ్యారేజీకి అప్పగించాలి.

డబ్బా అంటే పాలక్యాను కాదు. మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో పాల వ్యాను డ్రైవరు రేడియేటరు దించిన ద్రవాన్ని పది లీటర్ల అల్యూమినియం క్యానులో పట్టి, కడిగి మళ్ళీ వరుసలో పెట్టాడు. ఆకుపచ్చ మరక మూత అంచున కనిపించబట్టి తెలిసింది. ఆ క్యానుకు అక్కడే గునపంతో చిల్లి పొడిపించి, స్టాకు రిజిష్టరులో కొట్టివేయించి, కార్యదర్శి సంతకం తీసుకున్నాము.